రెండు శ్రుతుల రాత్రి

పోయిన ఏడాది అక్టోబరులో ఒక అర్ధరాత్రి దాహం వేసి లేచాను. బయట వాన. ఫ్యాన్ తిరుగుతోంది, కానీ దాని చప్పుడు ఎడమ చెవికే తెలుస్తోంది. కుడి చెవిలో దూది కుక్కినట్టుంది. లోపలెక్కడో కుక్కర్ ఆవిరి వదులుతున్నట్టు ఒకటే హోరు.

నేను విశాఖపట్నం సీతమ్మధారలో పిల్లలకి వయొలిన్ చెబుతాను. ఇరవై ఆరేళ్లయింది. వయొలిన్ పలికేది ఎడమ చెవి పక్కనే. ఆ చెవి కొన్నేళ్లుగా తగ్గుతూ వస్తోందని నాకు తెలుసు. అందుకే శ్రుతి చేసేటప్పుడు తల కొద్దిగా తిప్పి కుడి చెవితో వినడం అలవాటు చేసుకున్నాను. ఆ రాత్రి పోయింది ఆ కుడి చెవే.

ముందు గదిలోకి వెళ్లి, తలుపు దగ్గరగా వేసి, శ్రుతి పెట్టె ఆన్ చేశాను. రెండు శ్రుతులు వినిపించాయి. కుడి చెవి మూసుకుంటే షడ్జం, అంటే 'స', ఉండాల్సిన చోటే ఉంది. ఎడమ చెవి మూసుకుంటే అదే షడ్జం దాదాపు అర స్వరం పైన, పగిలిన గంటలా ఉంది. రెండు చెవులూ తెరిస్తే రెండు షడ్జాలూ ఒరుసుకుంటున్నాయి. పెట్టె పాడైందేమోనని వయొలిన్ తీసి కమాను లాగాను. అదీ అంతే. తెల్లారేదాకా పెట్టె ఆపుతూ, పెడుతూ కూర్చున్నాను. మా ఆయన లేచొచ్చి "ఏమైంది?" అంటే ఆ గొంతు కూడా ఇద్దరు మాట్లాడినట్టు వినిపించింది. ఏడుపు రాలేదు, చేతులు వణికాయి. ఏడింటికి పిల్లలొస్తారు. ఏ షడ్జం చూపించి ఇదీ శ్రుతి అని చెప్పను?

ఆ పొద్దున చూపించుకున్న డాక్టర్ మీద కోపం ఇప్పటికీ తగ్గలేదు. జలుబుతో చెవి మూసుకుపోయింది, ముక్కులో చుక్కలు వేసుకోండి, వారంలో సర్దుకుంటుంది అన్నారు. వినికిడి పరీక్ష చేయలేదు. రెండు శ్రుతుల గురించి చెప్పబోతే "టెన్షన్ పడకండి" అని తర్వాతి పేషెంటును పిలిచారు. అలా ఆరు రోజులు పోయాయి. నర్సుగా చేస్తున్న మా అక్క కూతురు ఫోన్‌లో విని, "పిన్నీ, ఇది జలుబు కాదు, ఇవాళే ఇంకో ఈఎన్టీకి చూపించు" అని గట్టిగా అరిచింది. దానికి నేను జన్మంతా రుణపడి ఉంటాను.

రెండో డాక్టర్ అదే రోజు వినికిడి పరీక్ష చేయించి, దాని గీత (ఆడియోగ్రామ్) చూసి, లోపలి చెవి ఒక్కసారిగా దెబ్బతిందన్నారు. స్టెరాయిడ్ మాత్రలు, తర్వాత చెవిలోకే ఇంజెక్షన్లు, ఒక ఎమ్మారై. ఒక చెవి ఉన్నట్టుండి మూగబోతే దయచేసి రేపు చూద్దాం అనుకోకండి. మొదటి రెండు వారాల్లోపు మొదలుపెడితేనే మందు పనిచేసే అవకాశం ఎక్కువ, అందులోనూ ఎంత ముందైతే అంత మంచిది. నాకు ఆ ఆరు రోజులు ముందే తెలిసుంటే ఎంత మిగిలేదో!

రెండు షడ్జాలూ రోజురోజుకీ దగ్గరికి జరిగి, నాలుగో వారానికి ఒకటయ్యాయి. ఆ గురువారం బురుజుపేట వెళ్లాను. మార్గశిరం, జనం కిక్కిరిసి ఉన్నారు. పైకప్పు లేని ఆ గర్భగుడిలో కనకమహాలక్ష్మి అమ్మవారికి నా చేతులతో పసుపూ కుంకుమా పెట్టి, శ్రుతి ఇచ్చావు తల్లీ, ఇది చాలు అన్నాను.

కానీ పై స్వరాల పదును తిరిగి రాలేదు. ఆడియోగ్రామ్‌లో 2000 హెర్ట్జ్ దాటాక, అంటే సన్నటి పై ధ్వనుల దగ్గర, రెండు చెవుల గీతలూ మెట్లు దిగినట్టు దిగిపోయాయి. చిన్నపిల్లల మాటల్లో స, ష, త కలిసిపోతున్నాయి. కమాను తీగకి అంటుకునే ఆ సన్నటి రాపిడి అసలు లేదు. చెవి మిషన్లు తప్పవన్నారు.

మొదట వెళ్లిన షాపులో పెట్టి చూపించిన మిషన్‌తో మా ఆయన మాట గాజులా స్పష్టంగా వినిపించింది. సంతోషంగా ఫోన్‌లో తంబురా పెట్టాను. కొన్ని క్షణాలకే అది నెమ్మదిగా వెనక్కి తగ్గిపోయింది. ఒకే తీరున సాగే చప్పుడును ఆ మిషన్ రొద అనుకుని అణిచేస్తుందట. ఆ సాయంత్రం ట్రయల్‌కి పెట్టుకుని ఆర్కే బీచ్‌కి వెళ్తే సముద్రాన్నీ అలాగే తగ్గించింది. ఇంట్లో వయొలిన్‌లో పైస్థాయి స్వరం నిలిపితే పక్కన ఇంకో స్వరం లేచింది. వినపడని పై ధ్వనులను కిందికి దించి వినిపించే ఏర్పాటు అందులో ఉందని తర్వాత తెలిసింది. ఆ క్షణంలో మాత్రం ఆ అక్టోబరు రాత్రే తిరిగొచ్చిందనుకుని మిషన్లు పీకి బల్ల మీద పెట్టేశాను.

మర్నాడు షాపులో ఇదంతా చెబితే అక్కడి మనిషి అన్నాడు: "మాటలు వినపడుతున్నాయి కదమ్మా. ఈ వయసులో ఇంకా సంగీతం ఎందుకు?"

నాకు యాభై మూడేళ్లు. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పెరిగిన ఊళ్లో నిలబడి ఆ మాట అనగలిగాడు. జవాబు చెప్పలేకపోయాను. ఆటోలో మా ఆయన నా చెయ్యి పట్టుకున్నారు, ఏమీ అనలేదు. నాలుగు రోజులు పిల్లల్ని రావద్దన్నాను. ఆ నాలుగు రోజులు నిజంగానే మానేద్దామనుకున్నాను.

తర్వాత దొరికిన ఆడియాలజిస్టు (వినికిడి పరీక్షించి మిషన్లు అమర్చే నిపుణురాలు) నా కూతురి వయసు అమ్మాయి. నా కథ విని ఆమె అన్న మొదటి మాటే, "అమ్మా, రేపు వయొలిన్ తీసుకురండి." ఆ గదిలో నేను వాయిస్తుంటే కంప్యూటర్‌లో ఒక్కొక్కటీ మార్చింది. మామూలు మాట 65 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది, చెవి పక్క వయొలిన్ 90 దాటుతుంది, అంత గట్టి ధ్వని లోపలికొచ్చినా దాన్ని పగలనివ్వని మిషన్ కావాలంది. సంగీతానికి విడిగా ఒక ప్రోగ్రామ్ పెట్టి, అందులో రొద తగ్గించేది ఆపేసింది. స్వరాలను కిందికి దించేది తీసేసింది. నిలిపిన స్వరాన్ని మిషన్‌లో పుట్టే ఈల అనుకుని కోసేసే ఏర్పాటును వీలైనంత తగ్గించింది. మెల్లగా లాగినా గట్టిగా లాగినా ఒకే మోతాదులో వినిపించేలా చేసే ఏర్పాటును సడలించింది. చెవిలోకి సన్నటి గొట్టం పెట్టి, నిజంగా ఎంత ధ్వని చేరుతోందో కొలిచింది. షాపులో ఇవేవీ చేయలేదు. కాబట్టి సంగీతం వాళ్లెవరైనా కొనేముందు వాద్యంతోనే వెళ్లండి, పాడేవాళ్లయితే అక్కడే పాడండి. అలా వాయించనివ్వని చోట డబ్బు కట్టకండి.

రెండూ కలిపి లక్షా ముప్పై వేలయ్యాయి. మా మరిది "మిషన్ పెట్టుకున్న టీచర్ దగ్గరికి పిల్లల్ని పంపుతారా వదినా?" అన్నాడు. పద్నాలుగు మందిలో ఒక్కరూ మానలేదు.

మొదటి రెండు నెలలు ప్లేట్ల చప్పుడు గుచ్చుకుంది, నా వయొలిన్ నాకే రేకులా వినిపించింది. ఇప్పుడలా లేదు. మొన్న సహాన రాగం చెబుతుంటే చివర కూర్చున్న పాప గాంధారం దగ్గర వేలు కొంచెం ముందే ఆపింది. "ఇంకాస్త ఊపమ్మా" అన్నాను. అన్నాక తెలిసింది, తల తిప్పకుండానే విన్నానని.

ఎడమ మిషన్‌లో మంద్ర పంచమం మాత్రం ఇంకా పలచగానే ఉంది. సోమవారం మళ్లీ వెళ్తున్నాను, వయొలిన్ తీసుకుని.