12 గ్రాముల స్పిరిట్‌తో అర లీటరు నీళ్లు: ఇంట్లో చేసుకునే ట్రెక్కింగ్ స్టవ్

అర లీటరు నీళ్లు 20 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు చేరాలంటే 167 కిలోజౌళ్ల వేడి కావాలి. స్టవ్ ఏదైనా ఈ లెక్క మారదు. స్పిరిట్‌లో ముఖ్యంగా ఉండే ఆల్కహాల్ ఇథనాల్, అది ఒక గ్రాము కాలితే సుమారు 26.8 కిలోజౌళ్లు వస్తాయి. ఇసుమంత వేడి కూడా వృథా కాకపోతే 6.2 గ్రాములు, అంటే 8 మి.లీ. సరిపోవాలి. గాలికి అడ్డు లేకుండా, మూత లేని గిన్నెతో కాస్తే 20 గ్రాములు పోసినా మరగకపోవచ్చు. అన్నీ కుదిరిన సెట్ 12, 13 గ్రాముల్లో పని ముగిస్తుంది. ఈ తేడాలో బర్నర్ వాటా చాలా తక్కువ. గాలి అడ్డు, గిన్నె వెడల్పు, మంట పరిమాణం, మూత కలిసి తేల్చే విషయం ఇది. వీడియోల్లో మాత్రం అందరూ బర్నర్ మీదే పడతారు. రెండు కూల్‌డ్రింక్ క్యాన్లు ఒకదానిలో ఒకటి దూర్చి, సూదితో బెజ్జాలు పొడిచి చేసే జెట్ స్టవ్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. దాని అతుకు దగ్గర లీకైతే సరిచేయడం కష్టం, చలిలో వెలిగించడానికి విడిగా ఇంధనం పోయాలి. నా ఓటు ఒకే డబ్బాతో చేసే, పక్క బెజ్జాల నుంచి మండే సైడ్ బర్నర్‌కి.

ముందు గిన్నె ఎంచుకోండి. బర్నర్, అడ్డు రెండూ దాని కొలతలను బట్టే చేయాలి. ఒక్కరికైతే 12 నుంచి 13 సెం.మీ. వ్యాసం, 8 సెం.మీ. ఎత్తు ఉన్న పలుచని అల్యూమినియం గిన్నె మంచిది. దాదాపు ఒక లీటరు పడుతుంది, బరువు 110 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. 9, 10 సెం.మీ. వెడల్పుండే పొడవాటి మగ్గులు సంచిలో చక్కగా ఇమిడినా సైడ్ బర్నర్‌కి పనికిరావు, మంట అడుగుకి తగలకుండా పక్కల మీదుగా పైకి ఎగబాకుతుంది. టైటానియం తేలికే, గట్టిదే. వేడిని పరిచే విషయంలో అల్యూమినియం దానికంటే చాలా మెరుగు, ధరా తక్కువ. మూతకి దళసరి ఫాయిల్ ట్రే నుంచి ఒక వృత్తం కత్తిరించి, అంచు మడిచి, మధ్యలో పట్టుకోవడానికి పేపర్ క్లిప్ గుచ్చితే 4 గ్రాముల్లో అయిపోతుంది.

బర్నర్‌కి 6.5 సెం.మీ. వ్యాసం, 3.5 నుంచి 4 సెం.మీ. ఎత్తు ఉన్న అల్యూమినియం డబ్బా కావాలి. పెంపుడు పిల్లులకు పెట్టే తడి ఆహారం సరిగ్గా ఈ సైజు డబ్బాల్లో వస్తుంది. స్టీలు డబ్బా వద్దు, కాగితాలకు బెజ్జం వేసే మామూలు సింగిల్ పంచ్ దాన్ని కొరకలేదు. అయస్కాంతం అంటుకుంటే పక్కన పెట్టేయండి. మూత లాగేశాక లోపలి అంచు బ్లేడులా ఉంటుంది, ఉప్పుకాగితంతో రుద్దండి, ఆ పని అయ్యేదాకా చేతికి గ్లౌజు తీయొద్దు.

బెజ్జాలు సమదూరంలో రావాలంటే డబ్బా చుట్టుకొలత పొడవున ఒక కాగితం పట్టీ కత్తిరించండి. 6.5 సెం.మీ. డబ్బాకి అది 20.4 సెం.మీ. వస్తుంది. పట్టీని సగానికి, మళ్లీ సగానికి, అలా నాలుగు సార్లు మడిస్తే 16 సమభాగాలు దొరుకుతాయి. మడతల దగ్గర గుర్తు పెట్టి డబ్బాకి అంటించండి. 6 మి.మీ. బెజ్జాలు పై అంచుకి 5 మి.మీ. కింద ఒక వరుసలో 16 వేయండి. దాని కింద రెండో వరుసలో 8, పై బెజ్జాల మధ్య ఖాళీల కిందకి వచ్చేలా, ఒకటి విడిచి ఒకటి. చాలామంది రెండు వరుసల్లోనూ 16 వేస్తారు. నీళ్లు త్వరగా మరుగుతాయి, ఇంధనమూ అంతే త్వరగా పోతుంది. ఎనిమిదితో మొదలుపెట్టి చాలకపోతే పెంచుకోవచ్చు, వేసిన బెజ్జం పూడ్చలేం కదా. కింది వరుస బెజ్జాల అడుగు డబ్బా నేలకి 15 మి.మీ. కంటే పైన ఉండాలి. 30 మి.లీ. స్పిరిట్ పోస్తే ఈ డబ్బాలో మట్టం 9 మి.మీ. వస్తుంది, అంచేత కొంచెం వంపు నేల మీద పెట్టినా ఒలకదు. డబ్బా అడుగున 3 మి.మీ. మందం కార్బన్ ఫెల్ట్ (కార్బన్ పోగులతో చేసిన మెత్తటి గుడ్డ) ముక్క గుండ్రంగా కత్తిరించి పరిస్తే, పొరపాటున తన్నినా ఇంధనం ఒక్కసారిగా పారదు. సిరామిక్ ఉన్ని కూడా వాడతారు గానీ దాని నూగు ఊపిరితిత్తుల్లోకి పోతే చేటు, కార్బన్ ఫెల్టే మేలు.

తొలిసారి వెలిగించేది ఆరుబయటే, గిన్నెలో తినేదేమీ లేకుండా, ఉత్త నీళ్లు పెట్టి. డబ్బా పైన రంగు, లోపల పూసిన ప్లాస్టిక్ పొర మాడి ఘాటు వాసన వస్తుంది. ఒకటి రెండు కాల్పులతో పోతుంది. ఈ వేడికి అల్యూమినియం మెత్తబడుతుంది కాబట్టి ఆ తర్వాత డబ్బాని చేత్తో నొక్కితే సొట్ట పోతుంది. గిన్నె దించేటప్పుడు, పెట్టేటప్పుడు నెమ్మదిగా.

ఇది పనిచేసే తీరు తెలిస్తే సగం తిప్పలు తప్పుతాయి. స్పిరిట్ పోసి వెలిగించగానే మంట పై మూతి నుంచి వస్తుంది. ఆ వేడికి డబ్బా గోడలు కాగి, ఇంధనం ఆవిరి కావడం పెరుగుతుంది. అప్పుడు గిన్నె పెడితే మూతి మూసుకుపోయి ఆవిరి పక్క బెజ్జాల నుంచి బయటికి వచ్చి అక్కడ మండుతుంది. వెలిగించాక 20 నుంచి 30 సెకన్లు ఆగకుండా చల్లని గిన్నె పెట్టేస్తే మంట ఆరిపోతుంది. చలి ప్రదేశాల్లో ఇంకాస్త ఆగాలి, ఇంధనం సీసాని అంతకుముందు కాసేపు జేబులో పెట్టుకోవాలి. ఇథనాల్ మంట అంటుకోవడానికి తగినంత ఆవిరి 13 నుంచి 17 డిగ్రీల దగ్గర వస్తుంది, అంతకంటే చల్లగా ఉంటే అగ్గిపుల్లని దాదాపు ఇంధనానికి తాకించాల్సిందే.

ఇక గాలి అడ్డు. దీనికి ఒక సాయంత్రం కేటాయించినా తప్పులేదు. పలుచని అల్యూమినియం షీటు 0.1 మి.మీ. మందంలో దొరికితే సరే, లేదంటే వాడిపారేసే పెద్ద బేకింగ్ ట్రే అడుగు కోసుకోండి. వంటింటి ఫాయిల్ నాలుగు మడతలు వేసినా కొన్ని రోజులకే చిరుగుతుంది. లెక్క ఇలా: గిన్నె వ్యాసం 12.5 సెం.మీ. అనుకుందాం. చుట్టూ 8 మి.మీ. సందు వదిలితే అడ్డు వ్యాసం 14.1, చుట్టుకొలత 44.3 సెం.మీ. ఒకదాని మీదికి ఒకటి రావడానికి 2 సెం.మీ. కలిపి పట్టీ పొడవు 46 సెం.మీ. చేయండి. ఎత్తు అంటే బర్నర్ ఎత్తు, దానికి తోడు గిన్నె ఎత్తులో మూడింట రెండు వంతులు, సుమారు 9 సెం.మీ. ఈ పట్టీ 11 గ్రాములు తూగుతుంది. పైఅంచు, కిందిఅంచు 5 మి.మీ. మడిస్తే చేతులు కోసుకోవు, నిలబడుతుంది కూడా. ఆ మడతలకి షీటు ఎత్తులో మరో సెంటీమీటరు ముందే కలుపుకోండి. గిన్నె పిడి దగ్గర గాడి కోయాలి.

అడ్డు అడుగున, చుట్టుకొలతలో సగం మేర మాత్రమే, అదే పంచ్‌తో 20 నుంచి 24 బెజ్జాలు వేయండి. గాలి జోరుగా ఉంటే బెజ్జాలున్న సగాన్ని గాలి వచ్చే వైపుకి కాక అవతలి వైపుకి తిప్పుకోవచ్చు. సందు 8 మి.మీ. అని ఊరికే చెప్పలేదు. 15, 20 మి.మీ. వదిలితే వేడిగాలి గిన్నె పక్కల్ని తాకకుండానే పైకి పోతుంది. 4, 5 మి.మీ.కి బిగిస్తే పొగగాలి బయటికి పోలేక మంటకి ఊపిరాడదు, అడ్డు నుంచి తిరిగొచ్చే వేడికి డబ్బాలో స్పిరిట్ బుసబుస మరిగి మంట అదుపు తప్పుతుంది. వెలిగించిన రెండు మూడు నిమిషాలకి మంట ఒక్కసారిగా ఎత్తుకుందంటే కారణం ఇదే, సందు పెంచండి.

గ్యాస్ క్యానిస్టర్ పైన బిగించే స్టవ్‌కి ఈ అడ్డు ఎప్పుడూ చుట్టకండి. క్యానిస్టర్ వేడెక్కి పేలే ప్రమాదం ఉంది.

బర్నర్ కింద గుండ్రటి ఫాయిల్ పళ్లెం ఒకటి, 3 గ్రాములది, పరవండి. గడ్డి అంటుకోకుండా ఉంటుంది. తడి నేల, మంచు డబ్బా వేడిని లాగేయకుండా కాపాడుతుంది.

ఇంధనం సంగతి. డీనేచర్డ్ స్పిరిట్‌లో (తాగడానికి పనికిరాకుండా చేసిన స్పిరిట్) ఇథనాల్ ఎక్కువగా ఉన్నది ఎంచుకోండి. అందులో కొంత మిథనాల్ కలిసి ఉండొచ్చు, కాబట్టి చేతికి అంటితే కడుక్కోవాలి. ఉత్త మిథనాల్ శుభ్రంగా మండుతుంది గానీ మి.లీ.కి వచ్చే వేడి ఇథనాల్‌లో నాలుగింట మూడొంతులే, పైగా విషం. చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది, కడుపులోకి పోతే చూపు, ప్రాణం రెంటికీ ముప్పు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో వేడి ఎక్కువే అయినా ఈ రకం బర్నర్‌లో గిన్నెకి మసి పట్టిస్తుంది. 70 శాతం ఉన్న సీసా అయితే మిగతా 30 నీళ్లని మోసుకెళ్లడమే. శానిటైజర్ జెల్ జోలికి పోవద్దు. వాడాక డబ్బా అడుగున కాస్త తడి మిగిలితే కంగారు పడకండి, స్పిరిట్‌లో ఉన్న నీళ్లు అవి. తుడిచేయండి, లేకపోతే తర్వాతిసారి వెలగడానికి మొరాయిస్తుంది.

కొలవకుండా పోసేవాళ్లు ఎంత మంచి అడ్డు చేసినా లాభం లేదు. సూది లేని 20 మి.లీ. సిరంజి గానీ, దగ్గు మందు సీసాతో వచ్చే గీతల మూత గానీ వెంట ఉంచుకోండి. ఇంటి దగ్గర పరీక్షకి ఒక గ్రాము తేడా చూపే వంటింటి త్రాసు, థర్మామీటర్ చాలు. గాలి లేని వరండాలో, 500 గ్రాముల నీళ్లు 20 డిగ్రీల దగ్గర తీసుకుని, 15 గ్రాములు (19 మి.లీ.) స్పిరిట్ పోసి మొదలుపెట్టండి. నీళ్లు పూర్తిగా మరగ్గానే మూతలాంటి దానితో మంట ఆర్పి, చల్లారాక డబ్బాలో మిగిలింది తూచండి. నీళ్ల కిలోలని 4.186తోనూ, పెరిగిన డిగ్రీలతోనూ గుణించి, కాలిన గ్రాములని 26.8తో గుణించి వచ్చినదానితో భాగిస్తే సామర్థ్యం తెలుస్తుంది. 12 గ్రాములు కాలితే 167ని 322తో భాగించాలి, అంటే 52 శాతం. అంత రాకపోతే ఒకసారికి ఒక్క మార్పే చేయండి: ముందు అడ్డు సందు, తర్వాత అడ్డు ఎత్తు, చివరగా బెజ్జాల సంఖ్య. తేడా ఒక గ్రాము లోపు ఉంటే దాన్ని తేడాగా తీసుకోకండి, త్రాసు పొరపాటే అంత ఉంటుంది. ఈ బర్నర్‌కి 8 నుంచి 10 నిమిషాలు పడితే అది మంచి గుర్తు. ఐదు నిమిషాల్లో మరిగిందంటే మంట గిన్నె దాటి పోతోందని అనుమానించాలి.

మంట పసుపుగా మారి మసి కడితే గాలి చాలడం లేదు, అడ్డు అడుగున బెజ్జాలు పెంచండి. ఎత్తైన కొండల మీద గాలి పలుచన కాబట్టి ఇది మరీ కనిపిస్తుంది. అక్కడ నీళ్లు ముందే మరుగుతాయి, 3000 మీటర్ల దగ్గర 90 డిగ్రీల దరిదాపుల్లో. ఇంధనం కొంచెం మిగిలినా పప్పు, బియ్యం ఉడకడానికి ఎక్కువసేపు పడుతుంది. ఈ బర్నర్‌కి మంట తగ్గించే మర లేదు, కాబట్టి ఉడకబెట్టే పని గిన్నె తొడుగుకి అప్పగించాలి. 5 మి.మీ. ఫోమ్ షీటుతో గిన్నెకి సరిపడే తొడుగు, పైకి అదే ఫోమ్‌తో టోపీ, అల్యూమినియం టేపుతో అతికించండి. మరగ్గానే అందులో పెట్టి 10, 15 నిమిషాలు కదపకండి. 50 గ్రాముల నీళ్లు ఆవిరైపోతే 113 కిలోజౌళ్లు గాలిలో కలిసినట్టే, అర లీటరు కాచడానికి పట్టే దానిలో మూడింట రెండు వంతులు. మరిగే నీళ్లని చూస్తూ కూర్చోవడం అంత ఖరీదు. స్టవ్ మీద నుంచి దించిన గిన్నె అడుగుని ఫోమ్‌లో దించే ముందు ఒక అర నిమిషం తడిగుడ్డ మీద పెట్టండి, లేకపోతే ఫోమ్ కరుగుతుంది. టీకి 90 డిగ్రీలు చాలనుకుంటే ఇంధనంలో ఎనిమిదో వంతు మిగుల్తుంది. వాగు నీళ్లని తాగడానికి శుద్ధి చేస్తుంటే మాత్రం ఈ పొదుపు కుదరదు. ఒక నిమిషం, 2000 మీటర్లు దాటితే మూడు నిమిషాలు తెర్లనివ్వాలి.

గ్యాస్‌తో పోలిస్తే? బర్నర్, అడ్డు, పళ్లెం, ఖాళీ సీసా కలిపి 40 గ్రాములు, ప్రతి అర లీటరుకి 12, 13 గ్రాములు. గ్యాస్‌లో స్టవ్ 75 గ్రాములు, 100 గ్రాముల గ్యాస్ ఉన్న క్యానిస్టర్ మొత్తం 195 దాకా. ఒక్కరు రోజుకి రెండుసార్లు నీళ్లు కాచుకుంటే వారం వరకూ స్పిరిట్ తేలిక. ముగ్గురు నలుగురికి వండాలన్నా, మంచు కరిగించాలన్నా గ్యాస్ తీసుకెళ్లండి. అర కిలో మంచుగడ్డ నీరవడానికే 167 కిలోజౌళ్లు, అంటే ఆ నీళ్లని 20 నుంచి 100కి కాచినంత వేడి, పడుతుంది.

పగటి వెలుతురులో స్పిరిట్ మంట కనిపించదు. ఆరిపోయిందని తోచినా చేయి ఒక అడుగు పైన పెట్టి వేడి చూడకుండా మళ్లీ పోయకండి. సీసా మూతి దాకా మంట పాకేది ఆ ఒక్క క్షణంలోనే. టెంట్ లోపల వెలిగించొద్దు, నిప్పుతో పాటు కార్బన్ మోనాక్సైడ్ భయమూ ఉంది. చాలా అడవుల్లో ఎండాకాలం నిప్పు నిషేధం ఉన్నప్పుడు మర ఉన్న గ్యాస్ స్టవ్‌లని అనుమతించి స్పిరిట్ స్టవ్‌లని కాదంటారు, బయల్దేరే ముందు అక్కడి నియమం కనుక్కోండి. విమానంలో స్పిరిట్ సీసాని ఏ సంచిలోనూ తీసుకెళ్లనివ్వరు.

సర్దేటప్పుడు అడ్డుని చుట్టలా చుట్టి గిన్నె లోపలి గోడకి ఆనించండి, మధ్యలో బర్నర్, సిరంజి, అగ్గిపెట్టె పడతాయి. స్పిరిట్‌ని నీళ్ల సీసాలా కనిపించని, మూత బిగువుగా ఉండే ప్లాస్టిక్ సీసాలో పోసి పెద్ద అక్షరాలతో పేరు రాయండి. దాన్ని గిన్నెలో కాకుండా సంచి బయటి జేబులో, నిలువుగా పెట్టండి.