ఫెర్లాఖ్‌లో చెక్క బేరం

మ్యూనిక్ నుంచి ఫెర్లాఖ్‌కి కారులో సుమారు నాలుగు గంటలు. సాల్జ్‌బర్గ్ దాటాక కొండల కింద వరసగా సొరంగాలు, ఆ తర్వాత ఫిల్లాఖ్, క్లాగెన్‌ఫుర్ట్, ద్రావ్ నది. నది దాటితే ఎదురుగా కారవాంకెన్ కొండలు, వాటి వెనక స్లొవేనియా. ఆస్ట్రియా మొత్తంలో ఇంతకంటే దక్షిణాన మరో పట్టణం లేదు. ఊరు చిన్నదే కానీ పదహారో శతాబ్దం నుంచీ తుపాకుల పనికి పేరు మోసింది. ఆ పని నేర్పే బడి ఉంది, కోటలో మ్యూజియం ఉంది, తయారైన ప్రతి గొట్టాన్నీ పేల్చి చూసి ముద్ర కొట్టే కార్యాలయం కూడా ఉంది.

మా ఆఫీసులో ఒక పెద్దాయన ఇక్కడ రెండు గొట్టాల రైఫిల్ చేయించుకుంటున్నాడు. ఆఫ్రికాలో అడవిదున్న వేటకట. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట ముచ్చటే ముగిసింది, వ్యక్తిగతంగా నాకూ అది గిట్టదు. కానీ "మీ నాన్న వడ్రంగి అన్నావుగా, తుపాకీ పిడికి చెక్క ఎంచుకోవాలి, తోడు రా" అంటే కాదనలేకపోయాను.

మేస్త్రి మమ్మల్ని వెనక గదిలోకి తీసుకెళ్లాడు. తలుపు తియ్యగానే వాల్‌నట్ వాసన. గోడ పొడవునా బల్లల మీద పలకలు, రెండున్నర అంగుళాల మందానివి, కొసలకు మైనం పూసి ఉన్నాయి. కొసల నుంచి తేమ తొందరగా పోతే చెక్క పగులుతుంది, అందుకని ఆ పూత. అంగుళం మందానికి ఏడాది ఆరబెట్టాలన్నది పాత లెక్క. అప్పుడప్పుడు తూకం వేసి చూస్తారు. బరువు తగ్గడం ఆగితేనే ఆరినట్టు. ఎక్కువ భాగం టర్కీ నుంచి వచ్చిన సరుకు. ఇంగ్లిష్ వాల్‌నట్, ఫ్రెంచ్ వాల్‌నట్, టర్కీ వాల్‌నట్ అని పేర్లు ఎన్ని చెప్పినా చెట్టు ఒక్కటే, మన కశ్మీర్ అక్రోటు కూడా అదే. పెరిగిన నేలను బట్టి రంగు మారుతుంది. అమెరికా నల్ల వాల్‌నట్ మాత్రం వేరే జాతి.

పెద్దాయన కళ్లు ఒక పలక మీద పడ్డాయి. మేస్త్రి తడిగుడ్డతో తుడిచేసరికి తేనెరంగు మీద నల్లటి చారలు పొగలా లేచాయి. కొమ్మ పంగ దగ్గర కోసిన చెక్క అది, అందుకే నెమలీకలాంటి ఆ అల్లిక. నిజం చెప్పాలంటే నాకూ నోట మాట రాలేదు.

మేస్త్రి పొగడలేదు, తెగడలేదు. స్టాక్ అంటే తుపాకీ చెక్క పిడి, ఆ ఆకారంలో కోసిన పారదర్శకమైన ప్లాస్టిక్ అచ్చు తెచ్చి పలక మీద పెట్టి అటూ ఇటూ జరిపాడు. ఎలా జరిపినా ఆ అల్లిక చేతి పట్టు దగ్గరికి వచ్చేస్తోంది. అక్కడ వేలు పెట్టి తల అడ్డంగా ఊపాడు.

కారణం నాకు ఆ ముక్క చూడగానే అర్థమైంది. ఈ రైఫిల్‌ది .470 నైట్రో ఎక్స్‌ప్రెస్ తూటా, గుండు బరువే 32 గ్రాములు. మన సైన్యం వాడిన ఇన్సాస్ రైఫిల్ గుండు నాలుగు గ్రాములు. అంత బరువు ముందుకు దూసుకుపోతే వెనక్కి తన్నే దెబ్బంతా ఇనుము చెక్కను తాకే చోట పడుతుంది. లోపల యంత్రం ఇమడ్చడానికి అక్కడి చెక్కను తొలిచేస్తారు కాబట్టి మిగిలేది పల్చటి గోడలే. దాని వెనకే చేతి పట్టు, స్టాక్ మొత్తంలో సన్నని చోటు. చెక్క నార ఆ రెండు చోట్లా తిన్నగా సాగి, పట్టు వంపుతో పాటు కిందికి దిగాలి. మధ్యలో పక్కకు తెగిపోతే చీలేది అక్కడే. అందమంతా మడమలో, అంటే భుజానికి ఆనే వెనక భాగంలో ఉండాలి, అక్కడైతే ఎంత వంకర తిరిగినా నష్టం లేదు.

పెద్దాయన మొహం చిన్నబోయింది. ఇంకా తీయించాడు. ఒకదానికి అంచున తెల్లచెక్క ఉంది, చేవ చాల్లేదు. ఒకదాంట్లో సన్నటి పగులు, వెలుతురుకు అడ్డంగా పట్టి చూస్తే తప్ప కనపడదు. ఇంకోటి ఒక వైపు బ్రహ్మాండం, తిప్పితే చప్పిడి. ముందు గొట్టాల కింద ఉండే ముక్కా ఇదే పలకలోంచి రావాలి, లేకపోతే రంగు కలవదు. దానికి చోటు చాలక మరొకటి పోయింది.

చివరికి నేనే ఒకటి చూపించాను. ముందు సగం మా నాన్న తలుపు చట్రానికి ఎంచుకునే రకం, నార గీత గీసినట్టు తిన్నగా ఉంది. మడమ వైపు నల్లచారలు విచ్చుకున్నాయి, మొదటిదానంత కాదు. మేస్త్రి అచ్చు పెట్టి, పెన్సిల్‌తో గీత గీసి, నా వైపు చూసి నవ్వాడు. పెద్దాయనకు మాత్రం సగం మనసే. ఈ పలకలు కొన్ని వందల యూరోల నుంచి కొన్ని వేల దాకా పలుకుతాయి, ధర పెంచేది అల్లికే. మొదటిదాంతో పోలిస్తే ఇది బాగా చవక. ఆ సంగతి తెలిశాక ఆయన కాస్త తేరుకున్నాడు. మిగిలిన డబ్బుతో ఇనుము మీద అడవిదున్న బొమ్మ చెక్కిస్తాడట.