మునిగిన ఊళ్ల సరస్సు దగ్గర, నాన్నతో

అక్టోబరు ఆఖరి శనివారం.

పొద్దున ఫ్రాన్స్‌లో మేముండే త్రువా ఊళ్లో పొగమంచు పట్టి ఎదురింటి కిటికీ కూడా కనబడలేదు. నాన్న అప్పటికే తయారై కూచున్నాడు. స్వెటర్ మీద కోటు, తలకి మఫ్లర్. వచ్చిన కొత్తలో ఆయన్ని పారిస్ అంతా తిప్పాం, టవర్ ఎక్కించాం. అన్నీ ఓపిగ్గానే చూశాడు గానీ, మనసు పెట్టి చూసింది మాత్రం రైలు కిటికీలోంచి కనబడిన పొలాల్నే. "ఊర్లు చూపియ్యమ్మా, ఈ కట్టడాలు చాలు" అని వారం నుంచి అడుగుతున్నాడు. మా ఆయనకి ఇవాళ డ్యూటీ. పులిహోర డబ్బాలో సర్ది, ఫ్లాస్కులో కాఫీ పోసుకుని ఇద్దరమే కారులో బయల్దేరాం.

దెర్ సరస్సు మాకు గంట దూరం. బ్రియెన్ దాటాక నేల తీరే మారిపోతుంది. సుద్దనేల, పెద్ద పెద్ద గోధుమ మళ్లు వెనకబడి ఓక్ అడవులు, చెరువులు, పశువులు మేసే బీళ్లు మొదలవుతాయి. షాంపేన్ ప్రాంతం అంటే అందరికీ ద్రాక్షతోటలే గుర్తొస్తాయి. ఇది ఆ షాంపేన్‌లోనే తడి భాగం. ఎక్కడ తవ్వినా బంకమన్నే, కట్టడానికి మంచి రాయి దొరకదు. అందుకని ఇక్కడివాళ్లు ఇళ్లే కాదు, చర్చిలు కూడా ఓక్ దూలాలతో, మట్టితో కట్టుకున్నారు. రాతి కెథడ్రల్స్ చూసి చూసి వచ్చిన కళ్లకి ఇవి ఎంత చిన్నగా, ఎంత దగ్గరగా అనిపిస్తాయో చెప్పలేను.

ముందు లాంతీయ్ అనే పల్లెలో ఆగాం. అక్కడిది 16వ శతాబ్దపు చర్చి. గోడల నిండా నిలువు కొయ్యలు, అడ్డ కొయ్యలు, ఏటవాలు కొయ్యలు. వాటి మధ్య ఖాళీల్లో మట్టి పూత. పైన ఎనిమిది పలకల గోపురం, దాని ఒంటినిండా చెక్క పెంకులు. వానకీ ఎండకీ అవి నెరిసి వెండి రంగుకి తిరిగాయి. లోపల స్తంభాలు కూడా చెక్కవే. రంగు అద్దాల పనిలో 16వ శతాబ్దంలో మా త్రువా పనివాళ్లకి పెద్ద పేరు. ఈ పల్లె చర్చిల్లో కొన్నింటికి ఆ అద్దాలే ఉన్నాయి. నాన్న చెప్పులు బయట విప్పబోతే వద్దన్నాను. అయినా లోపల ఉన్నంతసేపూ మఫ్లర్ తీసి చేత్తో పట్టుకునే ఉన్నాడు.

అసలు సంగతి ఊతిన్ అనే పల్లెలో జరిగింది. అక్కడి చర్చి కూడా కొయ్యదే, చుట్టూ ఇళ్లూ అవే. ఒక పాత కొట్టానికి గోడ పూత ఒకచోట ఊడిపోయి లోపలి పని బయటపడింది. నాన్న అక్కడే నిలబడిపోయాడు. నిలువు కొయ్యకి గాడి కొట్టి, అందులో సన్నటి బద్దలు వరసగా దూర్చారు. ఆ బద్దల చుట్టూ గడ్డి కలిపిన మట్టి అదిమారు. గడ్డి పోచలు ఇంకా పసుపుగానే ఉన్నాయి. దూలం, నిలువు కొయ్య కలిసేచోట ఇనుప మేకు లేదు, బొటనవేలంత చెక్క సీల ఉంది. దాని కొన కొంచెం బయటికి పొడుచుకొచ్చి ఉంది. నాన్న దాన్ని వేలితో తడిమి, మట్టి రవ్వంత గిల్లి నలిపి చూశాడు. "మన మిద్దె గోడమ్మా ఇది. మన్నూ గడ్డీ కలిపి కాళ్లతో తొక్కేది. మీ జేజి తొక్కేది" అన్నాడు.

నాన్న పుట్టిన ఊరు ఇప్పుడు శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ల కింద ఉంది. ఆ మట్టిమిద్దె నేను చూడలేదు. ఆయన దాని గురించి పెద్దగా మాట్లాడడు కూడా. ఈ రోజు ఆ కొట్టం ముందు నిలబడి వాకిలి ఎటువైపు, ఎద్దులు కట్టేది ఎక్కడ, గాదె ఎక్కడ అని వరసగా చెప్పుకుంటూ పోయాడు. నేను ఫోన్ తీసి రికార్డు చేయబోయి, ఆపేస్తాడేమోనన్న భయంతో మళ్లీ జేబులో పెట్టుకున్నాను. ఇక్కడ రాసుకుంటున్నది అందుకే.

మోంతియే-ఆం-దెర్‌లో ఎక్కువసేపు ఉండలేదు. 7వ శతాబ్దంలో సెయింట్ బెర్షేర్ స్థాపించిన మఠం అది. చర్చిలో పడమటి భాగాన్ని 998లో ప్రతిష్ఠ చేశారు. వెయ్యేళ్ల కిందటి ఆ బరువైన గోడల వెంట నడిచి వెళ్తే, చివర గోతిక్ శైలిలో వెలుగు నిండిన గర్భాలయం వస్తుంది. 1940 జూన్ బాంబుల్లో తగలబడితే మళ్లీ నిలబెట్టారు. గొప్ప కట్టడమే. కానీ నాన్న మనసు ఇంకా ఆ కొట్టం దగ్గరే ఉంది, నాదీ అంతే. బయట బెంచీ మీద పులిహోర తిని సరస్సుకి వెళ్లాం.

కట్ట ఎక్కగానే నాన్న అన్న మొదటి మాట: "నీళ్లు యాడమ్మా?"

నిజమే, కనుచూపు మేర బురద. మధ్యలో నీళ్ల మడుగులు, దిబ్బలు, ఎప్పుడో నరికిన చెట్ల మొదళ్లు. శ్రీశైలం ఆగస్టులో నిండి ఎండాకాలంలో అడుగంటుతుంది. ఇక్కడ వరసే వేరు. వరదలు వచ్చేది చలికాలంలో గనక నవంబరు నుంచి జూన్ దాకా నింపుతారు. జూలై నుంచి అక్టోబరు దాకా మెల్లగా వదిలి, ఎండాకాలంలో పారిస్ దగ్గర సెన్ నదిలో నీళ్లు తగ్గకుండా చూస్తారు. సెన్‌లో కలిసే మార్న్ నదికి అడ్డంగా డ్యామ్ కట్టలేదు. నది పక్క పల్లంలో కట్టలు పోసి, వరద నీటిని కాలువలోంచి ఇందులోకి మళ్లిస్తారు. 1910 జనవరిలో పారిస్‌లో సెన్ 8.62 మీటర్లకి ఎక్కింది. 1924లో, 1955లో మళ్లీ వరదలు. ఆ భయంతోనే పైన రిజర్వాయర్లు కట్టుకుంటూ వచ్చారు. ఇది 1967లో మొదలై 1974లో పూర్తయింది. నిండితే 48 చదరపు కిలోమీటర్లు, 35 కోట్ల ఘనపు మీటర్లు.

"టీఎంసీల్లో చెప్పు" అన్నాడు నాన్న. లెక్కేసి పన్నెండు అన్నాను.

"పన్నెండేనా! మన శ్రీశైలం రెండొందల పదహైదు." ఒక క్షణం ఆగి, "పన్నెండుకి ఎన్ని ఊర్లు పోయినాయి?" అన్నాడు.

మూడు. షాంత్‌కోక్, షాంపోబేర్, న్యుయీజ్‌మాం. ఇళ్లు కూల్చేశారు, అడవి నరికేశారు. ఇంజనీర్లు ఈ చోటే ఎంచుకోవడానికి పెద్ద కారణం నేల. బంకమన్ను నీటిని ఇంకనివ్వదు. ఏ మట్టితో ఆ ఊళ్లు గోడలు కట్టుకున్నాయో ఆ మట్టే వాటి మీద నీళ్లు నిలబెట్టింది. ఈ సరస్సుకి నేను ఇదివరకూ వచ్చాను, పిల్లలతో ఈతకి, సైకిళ్లు తొక్కడానికి. వచ్చేవాళ్లలో ఎక్కువమంది అందుకే వస్తారు. కానీ ఊతిన్ గోడ చూశాక ఈ బురద చూస్తే వేరే చోటికి వచ్చినట్టుంది. ఎవరైనా అడిగితే ఇకమీదట ఇదే చెబుతాను: ముందు కొయ్య చర్చిలు చూడండి, సరస్సుకి తర్వాత రండి. అప్పుడే తెలుస్తుంది కింద ఏముండేదో.

షాంపోబేర్ చర్చిని కూల్చలేదు. నీళ్లలోకి చొచ్చుకొచ్చిన ఒక నేలనాలుక మీద అది ఒక్కటే మిగిలింది. దాని చుట్టూ ఊరు లేదు. నాన్న చుట్టూ తిరిగి, తలుపు ఎదురుగా నిలబడి నీళ్లవైపు చూశాడు. "ఏమ్మా, ఈ ఊరోళ్లు యాడికి పోయినారు?" అన్నాడు. చుట్టుపక్కల ఊళ్లకి అన్నాను. ఒక ఊరు ఇప్పటికీ జిఫోమోం-షాంపోబేర్ అని పిలిపించుకుంటుంది. ఇంకొకటి సాంత్-మరీ-దు-లాక్-న్యుయీజ్‌మాం. షాంత్‌కోక్ పేరేమో సరస్సుకే పెట్టారు, దెర్-షాంత్‌కోక్ అని. "పేర్లన్నా ఉంచినారు" అన్నాడు నాన్న. ఆ మాట ఆయన సంతోషంగానే అన్నాడు.

న్యుయీజ్‌మాం చర్చి కథ ఇంకా బాగుంటుంది. కొయ్య కట్టడం కావడంతో దాన్ని దూలం దూలంగా విప్పి, సాంత్-మరీ దగ్గర మళ్లీ బిగించారు. దాని పక్కన బడి, పావురాల గూడు, ఇంకొన్ని పాత కట్టడాలు చేర్చి మ్యూజియం పల్లెగా ఉంచారు. మేం వెళ్లేసరికి మూసే వేళ అయింది. కంచె ఇవతల నుంచే చూశాం. చెక్క సీలల పని పొద్దున చూసి ఉన్నాం గనక, దాన్నెలా విప్పి ఉంటారో నాన్న చేతులు తిప్పుతూ నాకు వివరించాడు.

"కూడవెల్లి గుడి గూడా ఇట్లనే గదా, అలంపురానికి తెచ్చినారు" అన్నాడు. అవును, కృష్ణా తుంగభద్రల సంగమంలోని సంగమేశ్వర ఆలయాన్ని శ్రీశైలం ముంపు నుంచి తప్పించడానికి రాళ్లు విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. దిగువనున్న సంగమేశ్వరం గుడి మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. ఏటా మునుగుతుంది, నీళ్లు తగ్గాక తేలుతుంది. అందులోని శివలింగం వేపమానుది. "వేపదారు లింగం అన్నేండ్లు నీళ్లల్లో మునిగి లేచినా చెడలేదు. ఈ మాను గూడా గట్టిదే మాదిరి ఉంది" అని కంచె సందులోంచి చెయ్యి పెట్టి ఒక కొయ్యని తట్టాడు. నేను గమ్మునున్నాను. ఎవరైనా చూసినా ఏమనుకుంటారులే.

ఆరుగంటలప్పుడు మళ్లీ కట్ట మీదికొచ్చాం, క్రేన్ పక్షుల కోసం. స్వీడన్ వైపు నుంచీ బాల్టిక్ దేశాల నుంచీ స్పెయిన్‌కి పోతూ ఇక్కడ దిగుతాయి. పగలు మొక్కజొన్న కోసిన పొలాల్లో గింజలు ఏరుకుని, పొద్దుగూకాక సరస్సులోని లోతు లేని నీళ్లలో నిలబడి నిద్రపోతాయి. నీళ్లలో అయితే నక్క రాదు. కొన్ని ఏళ్లలో లెక్క లక్ష దాటుతుంది. ముందు అరుపు వినబడింది, తర్వాత దక్షిణం వైపు నుంచి వరసలు వరసలుగా వచ్చాయి. మెడ చాచి, కాళ్లు వెనక్కి చాచి. కట్ట మీద కెమెరాలు పట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు, ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. సరస్సు ఖాళీ అయ్యే రోజులూ పక్షులు వచ్చే రోజులూ ఒకటే కావడం వల్లే ఇంత గుంపు దిగుతోంది. పారిస్ కోసం కట్టిన చెరువు వీటికీ అక్కరకొచ్చింది. నాకు మనసు నిండిపోయింది. నాన్న మాత్రం కాసేపు చూసి, "చలిమ్మా, పోదాం" అన్నాడు.

కారెక్కగానే పెదనాన్నకి వీడియో కాల్ చేశాడు. నంద్యాలలో అప్పటికి రాత్రి పదవుతోంది. పెదనాన్న మంచం మీదినుంచే మాట్లాడాడు. నాన్న మట్టిగోడ గురించి, చెక్క సీల గురించి, ఊరు పోయి మిగిలిన చర్చి గురించి, పన్నెండు టీఎంసీల గురించి చెప్పాడు. పెదనాన్న అంతా విని, "మన ఆంజనేయస్వామి గుడి ఒకటన్నా పీకి తెచ్చింటే బాగుండు" అన్నాడు. నాన్న సరేనని, ఆ గుడి వాకిలి చావడి వైపు ఉండేదని ఏదో మాటలో అన్నాడు. కాదు, బావి వైపు అన్నాడు పెదనాన్న. చావడి వైపే, నేను రోజూ బడికి అట్లే పోయేవాణ్ణి అన్నాడు నాన్న. నువ్వు చిన్నోడివి, నీకేం గుర్తు అన్నాడు ఆయన. త్రువాలో మా వీధి మలుపు తిరిగేదాకా ఇద్దరూ తగ్గలేదు. చివరికి పెదనాన్న పక్కింటాయన్ని అడిగి రేపు పొద్దున చెప్తానన్నాడు.