విదేశాల్లోని ఆడబిడ్డలకు నల్లగొండ నుంచి చీరలు

శ్రావణం రాకముందే మా ఇంట్లో ఫోన్లు మొదలవుతాయి. డాలస్‌లో ఉంటున్న మా మరదలు, న్యూజెర్సీలో ఉంటున్న పిన్ని కూతురు, వారి స్నేహితురాళ్లు బతుకమ్మ చీరల కోసం నన్ను పోచంపల్లికీ, వీలైతే గద్వాలకూ పంపుతారు. దుకాణంలో కూర్చుని వీడియో కాల్‌లో ఒక్కో చీరనూ విప్పి చూపడం నా పని. కొన్నేళ్లుగా వారి తరఫున బేరమాడుతున్నాను కనుక, వారి అభిరుచి ఏటేటా ఎటు మళ్లుతోందో దగ్గరగా చూడగలుగుతున్నాను.

ఒకప్పుడు జరీ ఎంత బరువుంటే చీర అంత గొప్పది. ఇప్పుడు మా మరదలు రంగు కంటే ముందు, "వదినా, బరువెంతుంటది?" అని అడుగుతుంది. 23 కిలోల చొప్పున రెండు పెట్టెల్లోనే పచ్చళ్లు, పొడులు, పిల్లల బట్టలు సర్దుకోవలసిన వారికి పట్టు, నూలు కలిసిన సీకో చీరే అనుకూలం. పైగా అక్కడి బతుకమ్మ వేడుకల్లో కలిసేవి ఎప్పుడూ అవే కుటుంబాలు, ఫొటోలు ఆ రాత్రికే అందరి వాట్సాప్‌లకూ చేరుతాయి. అందువల్ల ఒకసారి కట్టిన చీరను మళ్లీ వారి మధ్య కట్టడానికి వెనకాడి, ఒక ఖరీదైన పట్టుచీరకు బదులు మూడు తేలికపాటివి తీసుకుంటున్నారు. ఇందులో తప్పేమీ లేదు గానీ, నకిలీ సరుకు చొరబడేది సరిగ్గా ఇక్కడే.

"ఇదే డిజైన్ ఆన్‌లైన్‌ల సగం ధరకే ఉంది గదక్కా" అని చెల్లెలు వాదిస్తుంది. 2005లో భౌగోళిక గుర్తింపు పొందిన పోచంపల్లి ఇక్కత్‌లో నేతకు ముందే నూలుకు డిజైన్ ప్రకారం ముడులు కట్టి రంగుల్లో ముంచుతారు. రంగు దారంలోకే ఇంకుతుంది కనుక చీర వెనుకా ముందూ ఒకేలా ఉంటుంది. పువ్వు అంచు గీసినట్టు కాక, కాస్త చెదిరినట్టు కనిపిస్తుంది. అదే డిజైన్‌ను బట్ట మీద అచ్చువేసిన ప్రింటు చీరను తిరగేస్తే సాధారణంగా రంగు వెలవెలబోతుంది. కెమెరాలో రెండూ ఒకటే కనుక, నేను ఫోన్‌ను చీర వెనుక వైపుకు తిప్పి దగ్గరగా పట్టుకుంటాను. గద్వాల చీరకైతే నూలు ఒంటినీ పట్టు అంచునూ కలిపిన చోట వేలితో తడిమి చూస్తాను. ఒంటికీ, రెండంచులకూ వేర్వేరు నాడెలు (అడ్డపోగును అటూ ఇటూ నడిపే పనిముట్లు) నడిపి, అడ్డపోగులను మగ్గం మీదే మెలివేసి కలిపిన ఆ కూర్పు చేతికి తెలుస్తుంది.

చీర కంటే జాకెట్టుతోనే తిప్పలెక్కువ. అక్కడ కుట్టుకూలి ఎక్కువ కాబట్టి ఆది జాకెట్టు ఇక్కడికే వస్తుంది, లోపల రెండంగుళాల బట్ట వదలమన్న సూచనతో సహా. మగ్గం వర్క్ మోజు ఇంకా తగ్గలేదు. కుచ్చిళ్లు ముందే కుట్టించుకునే అలవాటు కూడా పెరుగుతోంది. అయితే చేనేత చీరను కత్తిరించడానికి నేను మాత్రం ఒప్పుకోను. ఆఫీసుకు వేసుకునే కుర్తాలకూ, పొడవాటి జాకెట్లకూ కొయ్యలగూడెం నూలు ఇక్కత్‌ను మీటర్ల లెక్కన అడుగుతున్నారు.

పుట్టపాక తేలియా రుమాలు కథ మరోలా ఉంది. నూనెలోనూ, ఆముదపు కాయల బూడిద నీటిలోనూ నానబెట్టిన నూలుతో నేసే ఆ రుమాళ్లు ఒకప్పుడు అరబ్బు దేశాల మగవారి తలపాగాలకు వెళ్లేవి. ఇప్పుడు అదే పద్ధతిలో నేసిన దుపట్టాలను మనవాళ్లు చలికోటు మీద వేసుకుంటున్నారు. నూనె వాసన ఉతికితే పోతుందా అన్నదొక్కటే వారి అనుమానం.

అమెరికాకు పంపే 800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29తో పోయింది. దాంతో చిన్న పార్సిళ్లు మానేసి, వెళ్లేవారి పెట్టెలో చోటు అడుగుతున్నాం. మా మరదలు అడిగిన రెండు సీకో చీరలూ, ఒక తేలియా దుపట్టా మా బీరువాలోనే ఉన్నాయి. మా వీధిలోని ఒకరు దసరాకు ముందే డాలస్ వెళ్తున్నారట, రెండు కిలోల చోటు అడిగి చూడాలి.