కాగితం మీద కోడ్

ఇవాళ పని మొదలుపెట్టగానే ఆ పాత పార్సర్ (రాసిన పాఠాన్ని ముక్కలుగా విడదీసి అర్థం చేసుకునే ప్రోగ్రామ్) ఫైల్ మొత్తం ప్రింట్ తీసేశాను. 600 పైచిలుకు లైన్లు. స్క్రీన్ మీద పైకీ కిందకీ జరుపుకుంటూ చదివితే ఫంక్షన్ చివరికొచ్చేసరికి దాని మొదలు గుర్తుండట్లేదు. కాగితాలైతే పక్కపక్కన పరుచుకోవచ్చు.

ఎడిటర్‌లో నాది నల్ల థీమ్. దాన్ని ఉన్నదున్నట్టు ప్రింటర్‌కి పంపితే టోనర్ అంతా ఆ నలుపుకే సరిపోతుంది. బ్రౌజర్‌లోంచి ఇస్తే అది మామూలుగా వెనకరంగు ముద్రించదు కానీ, అప్పుడు తెల్ల కాగితం మీద లేత పసుపు అక్షరాలు మిగులుతాయి. పైగా ఉన్నది నలుపు తెలుపు ప్రింటర్, ఏ రంగైనా బూడిదే. అందుకని కోడ్‌కి రంగులూ అక్షరాల తీరూ దిద్దే పిగ్మెంట్స్ అనే టూల్‌లో 'బీడబ్ల్యూ' స్టైల్ పెట్టాను. కీవర్డ్‌లు (if, for లాంటి మాటలు) బోల్డ్, కామెంట్లు ఇటాలిక్, రంగు జోలికే పోదు. స్ట్రింగులు (కోట్ గుర్తుల మధ్య రాసేవి) కూడా ఇటాలిక్‌లోనే రావడం మాత్రం నాకు నచ్చదు.

ఏ4 కాగితం వెడల్పు అచ్చు కొలతల్లో 595 పాయింట్లు. అక్షరాలన్నీ ఒకే వెడల్పుండే కొరియర్ ఫాంట్‌లో, 10 పాయింట్ల సైజులో, అక్షరానికి 6 పాయింట్లు పోతుంది. అంటే 80 అక్షరాల లైన్‌కి 480, అటూ ఇటూ రెండేసి సెంటీమీటర్ల మార్జిన్. అదే 100 అక్షరాల లైన్ రాస్తే 600, కాగితం దాటిపోతుంది. కోడ్ లైన్ 80 అక్షరాలు దాటొద్దన్న రూలు చాదస్తమని విసుక్కునేవాళ్ళు ఒకసారి ప్రింట్ తీసి చూడాలి.

కోడ్‌ని ప్రింట్‌కి సిద్ధం చేసే పాత ప్రోగ్రామ్ ఏటూపీఎస్ వాడితే ఒక్క కమాండ్‌తో షీటుకి రెండు పేజీలు చక్కగా పేర్చి ఇచ్చేది. కానీ ఈ ఫైల్లో కామెంట్లు తెలుగులో ఉన్నాయి. దానికీ, అలాంటిదే అయిన ఎన్‌స్క్రిప్ట్‌కీ తెలుగు అక్షరాలకి కావలసిన యూనికోడ్ రాదు, ఒత్తులూ గుణింతాలూ పిచ్చిగీతలైపోతాయి. కాబట్టి ముందు హెచ్‌టీఎంఎల్ చేసి బ్రౌజర్‌లోంచే ప్రింట్ ఇచ్చాను.

కోడ్ అచ్చువేయడం ఒకప్పుడు చట్టం దాటే దారి కూడా. అమెరికా ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్ ఎగుమతిని కట్టడి చేసిన రోజుల్లో పీజీపీ అనే ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రామ్ సోర్స్ కోడ్‌ని పుస్తకాలుగా వేశారు. పుస్తకానికి ఆ ఆంక్ష వర్తించదు మరి. 1997లో వాటిని యూరప్‌లో స్కాన్ చేసి మళ్ళీ ఫైళ్ళు చేసుకున్నారు. ఆ స్కానింగ్ చేసినవాళ్ళ ఓపికకి దండం.

మధ్యాహ్నమంతా పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. ఒక వేరియబుల్ మారిన చోటల్లా సున్నా చుట్టుకుంటూ పోతే, కోట్ గుర్తు ముందొచ్చే బ్యాక్‌స్లాష్‌ని రెండు ఫంక్షన్లు విడివిడిగా తీసేస్తున్నాయని తేలింది. ఒకటి రెండో పేజీలో, ఇంకోటి తొమ్మిదో పేజీలో. ఎడిటర్‌లో ఆ రెంటినీ ఒకేసారి తెరిచే అవసరమే రాలేదు.

లైన్ నంబర్లు వేసుకున్నాను కానీ, పైన ఎక్కడో ఒక్క లైన్ చేరినా కింద నంబర్లన్నీ జరిగిపోతాయి. అందుకే మొదటి పేజీ మీద కమిట్ ఐడీ (ఇది కోడ్ ఏ వెర్షనో చెప్పే గుర్తు) చేత్తో రాసిపెట్టాను. దాన్ని హెడర్‌లో ప్రతి పేజీకీ పడేలా స్క్రిప్ట్‌లో చేర్చాలి. రేపు ముందు ఆ బ్యాక్‌స్లాష్ సంగతి చూడాలి.