కొత్త తుంటితో మళ్లీ నడక: పర్లాకిమిడి నుంచి నా అనుభవం

తుంటి మార్పిడి ఆపరేషన్ అనగానే అందరూ ఏ ఆసుపత్రి, ఎంత ఖర్చు అని అడుగుతారు. ఇంటికొచ్చాక మూడు నెలలు ఏం చేయాలని అడిగేవాళ్లు తక్కువ. నా మట్టుకు నాకు ఆపరేషన్ కంటే ఆ మూడు నెలలే పెద్ద పని. అందుకే రాస్తున్నాను, ముఖ్యంగా ఒడిశా-ఆంధ్ర సరిహద్దులో పర్లాకిమిడి, పాతపట్నం, గుణుపురం వైపు ఉండేవాళ్ల కోసం. మాకు పెద్దాపరేషన్ అంటే విశాఖపట్నమో బరంపురమో వెళ్లాలి. తిరిగొచ్చాక డాక్టరు దూరం, మన ఇల్లే మనకు ఆసుపత్రి.

నేను తెలుగు బడిలో టీచర్‌గా చేసి రిటైరయ్యాను. నొప్పి మొదట మోకాలిలో తెలిసింది. తుంటి కీలు అరిగినా నొప్పి గజ్జలో, తొడ ముందు భాగంలో, కొందరికి మోకాలిలోనే ఎక్కువగా ఉంటుంది. చాలాకాలం మోకాలికే ఎక్స్‌రేలు, మోకాలికే మందులు. చివరికి విశాఖలో ఒక ఎముకల డాక్టరు నన్ను పడుకోబెట్టి, కాలు మడిచి లోపలికి తిప్పేసరికి గట్టిగా అరిచేశాను. ‘‘అమ్మా, మీ జబ్బు మోకాలిలో లేదు’’ అన్నారాయన. మోకాలి నొప్పి తగ్గక, చెప్పులు తొడుక్కోవడం, కాలిగోళ్లు తీసుకోవడం కూడా కష్టమవుతున్నవాళ్లు ఒకసారి తుంటి చూపించుకోండి.

ఆపరేషన్ గురించి ఎక్కువ చెప్పను, అది డాక్టర్ల పని. అరిగిన తొడ ఎముక తల తీసేసి లోహపు కాడ, దానిపైన బంతి పెడతారు. కటి ఎముక గుంటలో గిన్నె అమరుస్తారు. ఇంగ్లండ్‌లో జాన్ చార్న్‌లీ అనే సర్జన్ 1962 నుంచే లోహపు బంతి, ప్లాస్టిక్ గిన్నె జతను వాడి ఈ ఆపరేషన్‌ను నిలబెట్టారని మా అబ్బాయి చదివి చెప్పాడు. ఇన్ని దశాబ్దాలుగా జరుగుతున్నదే కదా అనిపించి టెన్షన్ కొంత తగ్గింది.

అసలు సంగతి ఇల్లు. మా ఇళ్లలో జీవితమంతా నేలమీదే గడుస్తుంది. పీటమీద కూర్చుని కూరలు తరగడం, చాపమీద భోజనం, నేలమీద పూజ, ఇండియన్ టాయిలెట్. నాకు వెనకవైపు నుంచి కోసి చేశారు. ఆ పద్ధతిలో చేసినప్పుడు మొదటి 6 నుంచి 12 వారాలు తుంటి 90 డిగ్రీలు దాటి వంగకూడదు, కాలుమీద కాలు వేసుకోకూడదు, ఆ కాలు లోపలికి తిరగకూడదు. చుట్టూ ఉన్న కండరాలు, పొరలు మానకముందే అలా చేస్తే బంతి గిన్నెలోంచి జారిపోవచ్చు. అందుకే ఆసుపత్రికి వెళ్లకముందే వెస్టర్న్ కమోడ్ కట్టించి, దానిపైన ఎత్తు సీటు బిగించాం. మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టి, గట్టి పరుపు వేశాం. నవారు మంచం కుంగిపోతుంది, పనికిరాదు. ప్లాస్టిక్ కుర్చీలు రెండు ఒకదానిలో ఒకటి పెడితే కావలసిన ఎత్తు వచ్చింది. కూర్చున్నప్పుడు మోకాలు తుంటికంటే కిందనే ఉండాలి, అదే కొలత. కాలికి తగిలే పట్టాలు, గుమ్మంలో గోనెసంచులు అన్నీ తీయించేశాను.

ఆపరేషన్ మర్నాడే వాకర్ ఇచ్చి నిలబెట్టారు. కళ్లు తిరిగాయి, భయమేసింది, అయినా నాలుగడుగులు వేశాను. ఇంటికి కారులో వచ్చాం. ముందు సీటు బాగా వెనక్కి జరిపి, ముందు పిరుదులు సీటుమీద ఆనించి, ఆ తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తెచ్చుకోవాలి. శ్రీకాకుళంలో ఒకసారి, నరసన్నపేటలో ఒకసారి ఆపించి కారు చుట్టూ నడిచాను. ఎక్కువసేపు కదలకుండా కూర్చుంటే కాలి నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. అందుకోసమే రక్తం పలచబడే మాత్రలు కూడా ఇస్తారు. ఈ ఆపరేషన్‌కు సాధారణంగా 35 రోజుల వరకు వాడమంటారు. వాటిని మధ్యలో మానకూడదు.

ఇంటికొచ్చాక నాకు ఎదురైన పెద్ద అడ్డంకి మనవాళ్ల ప్రేమే. పాతపట్నం నుంచి మా ఆడపడుచు వచ్చింది. నేను వాకర్ పట్టుకుని వసారాలో తిరుగుతుంటే, ‘‘ఏటి వదినా, అప్పుడే లేచిపోయి తిరిగేస్తన్నావు? ఎముక అతకాల కదా, పడుకో’’ అని కంగారుపడింది. చూడ్డానికి వచ్చిన ప్రతి ఒక్కరిదీ అదే మాట. ఇది విరిగిన ఎముక కాదు, అతికేదాకా కదలకుండా ఉండడానికి. మంచంమీద ఉండిపోతే కండరం కరిగిపోతుంది, కీలు బిగుసుకుపోతుంది. ఆ ప్రేమను కాదనడం కష్టమే, కానీ కాదనాలి. మా ఆడపడుచుకు నేను చెప్తే ఎక్కలేదు, వ్యాయామాలు చేయించే ఫిజియోథెరపిస్టు (ఫిజియో) చెప్తే ఎక్కింది. తర్వాత టైముకి నన్ను లేపి నడిపించింది ఆవిడే.

ఫిజియో మా ఊరి ఒడియా అబ్బాయి, ఇంటికే వచ్చేవాడు. నన్ను ‘మావుసీ’ (పిన్నీ) అని పిలిచేవాడు. తెలుగు బాగా మాట్లాడతాడు గానీ లెక్క మాత్రం ఒడియాలోనే: ఎక, దుయి, తిని, చారి. నేనూ అతనితో పాటు అలాగే లెక్కపెట్టేదాన్ని. మొదట్లో అన్నీ పడుకునే చేసేవి. పాదం పైకీ కిందికీ ఆడించడం, తొడ కండరం బిగించి వదలడం, పిరుదులు బిగించడం, మంచంమీద మడమ జార్చుతూ మోకాలు మడవడం. దుప్పటిమీద మడమ జారక ఇబ్బంది పడుతుంటే దానికింద ఒక ప్లాస్టిక్ కవరు వేశాడు, సాఫీగా జారింది. వ్యాయామానికి అరగంట ముందు నొప్పి మాత్ర వేసుకోమన్నాడు. నొప్పికి భయపడి మానేసేకంటే అదే మేలు.

వారాలు గడిచాక అన్నిటికంటే ముఖ్యమైన పని మొదలైంది. కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి, ఆపరేషన్ కాలు పక్కకు ఎత్తాలి. తేలికే అనుకుంటాం. కానీ ఏళ్లతరబడి కుంటిన ఒళ్లు దొంగదారి వెతుకుతుంది. కాలు ఎత్తకుండా నడుమే అటు వాల్చేస్తుంది. అతను నా నడుము ఎముకమీద రెండువైపులా చేతులు ఆనించి, ‘‘మావుసీ, ఇది కదలకూడదు, కాలే కదలాలి’’ అనేవాడు. అలా సరిగ్గా చేస్తే కాలు బెత్తెడు కూడా లేచేది కాదు. పిరుదు పక్కన ఉండే ఆ కండరమే ఒంటికాలిమీద బరువు పడ్డప్పుడు నడుమును నిలబెడుతుంది. అది బలహీనంగా ఉంటే ఎంత మంచి కీలు వేసినా కుంటు పోదు. బీరువా అద్దం ముందు నడిపించి, నా నడుము ఏ వైపు కుంగుతోందో నా చేతే చెప్పించేవాడు. అది కుంగకుండా పదడుగులు వేసిన రోజు నాకు ఏడుపొచ్చింది.

వాకర్ నుంచి చేతికర్రకు మారాక కర్ర ఎప్పుడూ ఆపరేషన్ కానివైపు చేతిలో ఉండాలి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కర్రతో పాటు ఆపరేషన్ కాలు ముందు. లంగా, పైజామా ఏదైనా ఆ కాలికే ముందు తొడగాలి, విప్పేటప్పుడు ఆఖరున. మొదట్లో ఆ కాలు పొడుగైనట్టు అనిపించి చాలా బెంగపడ్డాను. కండరాలు సాగేకొద్దీ ఆ భావన పోయింది.

ఒక్క విషయంలో మాత్రం ఓపిక పట్టకూడదు. పిక్క వాచి నొప్పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, కుట్ల దగ్గర చీము, జ్వరం కనిపించినా, హఠాత్తుగా విపరీతమైన నొప్పితో కాలు పొట్టిగా, లోపలికి తిరిగిపోయినట్టున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

తర్వాత నేనే ఫిజియో క్లినిక్‌కి వెళ్లడం మొదలుపెట్టాను. అక్కడ కొండమీద ఊళ్ల నుంచి వచ్చే సవర గిరిజన కుర్రాళ్లు కనిపించేవారు. పాతికేళ్లైనా నిండని పిల్లలు తుంటి పట్టుకుని కుంటుతూ. సికిల్ సెల్ జబ్బులో కొడవలి ఆకారంలోకి మారిన రక్తకణాలు తొడ ఎముక తలకు రక్తం అందనివ్వవు, ఎముక చచ్చుబడుతుంది. మా ప్రాంతంలో ఈ జబ్బు ఉంది, రక్తపరీక్షతో తెలిసిపోతుంది. 2023 నుంచి కేంద్రం దీనికోసం జాతీయ మిషన్ నడుపుతోంది కూడా. చిన్నపిల్లలకు తరచూ ఒళ్లునొప్పులు, రక్తం తక్కువ అంటుంటే పరీక్ష చేయించమని చేతులు జోడించి అడుగుతున్నాను.

ఇప్పుడు కర్ర లేకుండా బజారుకు వెళ్తున్నాను. పాతపట్నం నీలమణి దుర్గ అమ్మవారిని నిలబడే దండం పెట్టుకుని వచ్చాను. నేలమీద మాత్రం కూర్చోవద్దన్నారు, కూర్చోవడం లేదు. పూజ బల్లమీద, వంట నిలబడి. ఆపరేషన్‌కు వెళ్లేవాళ్లు ముందుగానే ఒక ఫిజియోను కలిసి ఆ వ్యాయామాలు నేర్చుకోండి. డిశ్చార్జి కాగితాల్లో ఇంప్లాంట్ కంపెనీ, సైజు ఉన్న స్టిక్కర్లు ఉన్నాయో లేదో చూసుకుని ఆ కాగితాలు జాగ్రత్తగా దాచుకోండి. ముందుముందు ఆ తుంటికి ఎప్పుడు ఏ చికిత్స కావాలన్నా డాక్టర్లు మొదట అడిగేది అవే.