మాయమైన సన్నగీతలు

నిన్న ఒక పత్రిక ప్రింట్ ప్రూఫ్ (అచ్చుకి ముందు సరిచూసుకునే నమూనా) చేతికొచ్చింది, చూడగానే గుండె జారిపోయింది. స్క్రీన్ మీద 72 పాయింట్ల సైజులో, బొడోనీ అనే ఫాంటులో పెట్టిన శీర్షిక ఎంత దర్జాగా ఉందంటే, ఆ మోజులో ఫొటోల కింది వ్యాఖ్యలకి కూడా అదే పెట్టేశాను, 7 పాయింట్లలో, అదీ నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్ల అక్షరాలు. ఇంకేముంది, సిరా పాకి, ఈ ఫాంటు అక్షరాల్లో లావు గీతల్ని కలిపే సన్నగీతలన్నీ మూసుకుపోయాయి. ఇంగ్లిష్ చిన్న 'ఎన్' రెండు నిలువు కర్రల్లా మిగిలింది, 'ఇ'కి మధ్య గీత పోయి అచ్చం 'సి'లా ఉంది.

తప్పు ఫాంటుది కాదు, నాదే. 18వ శతాబ్దం చివర్లో పారిస్‌లో డీడో కుటుంబం, పార్మాలో బొడోనీ ఈ తరహా అక్షరాలు తయారుచేసినప్పుడు ప్రతి సైజుకీ లోహంలో విడిగా చెక్కాల్సిందే, చిన్నవాటికి సన్నగీతలు కాస్త లావుగా ఉంచేవాళ్లు. మనమేమో ఒకే ఫైలుని ఇష్టమొచ్చినట్టు పెంచి, కుదించి వాడేస్తాం. 1990ల మొదట్లో హార్పర్స్ బజార్ అనే ఫ్యాషన్ పత్రిక కోసం ఫాంటు డిజైనర్ జొనథన్ హోఫ్లర్ గీసిన డీడో ఫాంటులో ఏడు సైజులకి వేర్వేరు డ్రాయింగులున్నాయి. ఇదంతా తెలిసీ ఈ పని చేశాను చూడండి, అదీ నా బాధ!

రాత్రి కూర్చుని వ్యాఖ్యలన్నీ చిన్న సైజు కోసం గీసిన వెర్షన్‌లోకి మార్చాను, తెల్ల కాగితం మీదికి తెచ్చాను. శీర్షిక జోలికి మాత్రం పోలేదు, అక్షరాల మధ్య ఖాళీ ఇంకొంచెం బిగించానంతే. కొత్త ప్రూఫ్‌లో 'ఇ' మళ్లీ 'ఇ'లాగే ఉంది.